పాలపళ్లు ఊడిపోతాయి సరే, పక్కకు జరిగే దవడ సంగతేంటి?

ప్రశ్న: మా బాబుకు 5 ఏళ్ల 2 నెలలు. నోరు మూస్తే గడ్డం కాస్త కుడివైపుకు పోతోందని ఈమధ్య ఫొటోల్లో గమనించాం. కుడిపక్క పైన ఉన్న దవడపళ్లు కిందిపళ్లకు లోపలగా ఆనుతున్నాయి. ఎడమపక్క, ముందుపళ్లు బాగానే ఉన్నాయి. నొప్పి లేదు, అన్నీ తింటాడు. నిద్రలో మాత్రం ఇప్పటికీ బొటనవేలు చీకుతాడు. ఒక డాక్టరుగారు "పాలపళ్లేగా, ఎలాగూ ఊడిపోతాయి, పన్నెండేళ్లు వచ్చాక క్లిప్పులు వేద్దాం" అన్నారు. ఇంకొకరు ఇప్పుడే పళ్లు కొంచెం అరగదీసి, అవసరమైతే ప్లేటు పెట్టాలన్నారు. మా మామగారికి కిందిదవడ ముందుకు ఉంటుంది. ఆ పోలిక వీడికి వస్తోందేమోనని మా అత్తగారి బెంగ. మా పాపకు రెండున్నరేళ్లు, దాని పళ్ల మధ్య సందులున్నాయి. దానికీ ఏమైనా చేయించాలా? ఎవరి మాట వినాలి? బాబుకు ఇప్పుడు చేయిస్తే పెద్దయ్యాక మళ్లీ క్లిప్పులు అక్కర్లేదా?
– ఒక తల్లి, ఖమ్మం

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట పళ్ల గురించి రాసింది కాదు, గడ్డం కుడివైపుకు పోతోందన్నది. పాలపళ్లు వంకరగా ఉన్నా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కినా, ముందుకు పొడుచుకొచ్చినా సాధారణంగా ఆగవచ్చు. మొదటి డాక్టరుగారి సలహా అలాంటి వాటికి సరిపోతుంది. కానీ పళ్లు సరిగ్గా ఆనక పిల్లవాడు నోరు మూసిన ప్రతిసారీ దవడను పక్కకు జరుపుకుంటుంటే పన్నెండేళ్ల దాకా ఆగడం మంచిది కాదు. పళ్లు ఊడిపోతాయి గానీ దవడ ఊడిపోదు. అది పెరిగే వయసులో రోజంతా ఒక పక్కకు ఒరిగి ఉంటే, చెవి ముందున్న రెండు దవడ కీళ్లూ చెరో తీరుగా ఎదుగుతాయి. ఇవాళ పళ్ల వల్ల వచ్చిన వంకర నూనూగు మీసాల వయసుకల్లా ఎముక వంకరగా మారవచ్చు. అప్పుడు క్లిప్పులతో పళ్లు సర్దగలరు గానీ గడ్డాన్ని మధ్యకు తేలేరు. అందుకే మీ బాబు విషయంలో రెండో డాక్టరుగారి దారే సరైనదనిపిస్తోంది. అయితే ముందు ఒకటి రెండు సంగతులు తేల్చుకోవాలి.

మొదటిది, దవడ నిజంగా జరుగుతోందా అన్నది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. సెల్ఫీ ఫొటోల్లో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి వాటిని బట్టి నిర్ణయించకండి. పగటి వెలుతురుకు ఎదురుగా బాబును కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, మీరు ఎదురుగా కూర్చుని నోరు బాగా తెరవమనండి. పైన మధ్యలో ఉన్న రెండు ముందుపళ్ల నడుమ ఒక గీత కనిపిస్తుంది, కిందా అలాంటిదే. ఆ రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి సూటిగా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత నాలుక కొసను మడిచి అంగిలిలో వీలైనంత వెనక్కి పెట్టమని, అలాగే మెల్లగా నోరు మూయమని చెప్పండి. పళ్లు తొలిసారి తాకగానే ఆపమనండి. చాలాసార్లు ఆ తాకేది కోరపళ్ల మొనల దగ్గరే. ఇప్పుడు గట్టిగా కొరకమనండి. తొలి తాకిడికీ గట్టిగా కొరకడానికీ మధ్య కిందిగీత కుడివైపుకు జారితే దవడ జరుగుతున్నట్టే. నోరు తెరిచినప్పుడు సూటిగా ఉన్న గీతలు మూసినప్పుడు తప్పడమే దీని గుర్తు.

నోరు తెరిచినప్పుడు కూడా గడ్డం పక్కకే ఉంటే అది వేరే సంగతి. పసితనంలో గడ్డం మీద పడి దవడ కీలుకు దెబ్బ తగిలిన పిల్లల్లో, పుట్టుకతోనే ఒకవైపు ఎదుగుదల తక్కువైన పిల్లల్లో అలా ఉంటుంది. దానికి ప్లేటుతో పని జరగదు. ముందుగా ఎక్స్‌రేలు తీసి ఎముకను చూడాలి. అలా కనిపిస్తే ఆలస్యం చేయకుండా డెంటల్ కాలేజీకి వెళ్లండి.

తల్లిదండ్రులు తరచూ అడిగేది ఒకటుంది: తేడా కుడిపక్కే ఉంటే రెండు పక్కలా వెడల్పు చేయడమెందుకని. ఇది అర్థమైతే వైద్యం మొత్తం అర్థమవుతుంది. పైపళ్ల వరుస కింది వరుస కంటే కాస్త వెడల్పుగా, డబ్బా మీద మూతలా, చుట్టూరా బయటికి ఉండాలి. బొటనవేలు చీకేటప్పుడు బుగ్గలు లోపలికి లాక్కుని పైదవడ దవడపళ్లను రెండు వైపులా నొక్కుతాయి. అంగిలికి ఆనుకుని ఉండాల్సిన నాలుక వేలి కింద అణిగిపోతుంది కాబట్టి లోపలినుంచి ఆసరా ఉండదు. దాంతో పైవరుస రెండు పక్కలా సమానంగా ఇరుకవుతుంది. అప్పుడు దవడ మధ్యలో ఉండగా నోరు మూస్తే రెండు పక్కలా మొన మీద మొన పడి పిల్లవాడికి ఇబ్బందిగా ఉంటుంది. దవడను ఒక పక్కకు జరిపితే ఒకవైపు పళ్లు చక్కగా అమరతాయి, రెండోవైపు పైపళ్లు లోపల పడతాయి. మనకు కనిపించేది ఆ రెండోవైపే. దీన్నే క్రాస్‌బైట్ అంటారు. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఇందులోకే వస్తాయి. అందుకే రెండు వైపులా సమానంగా వెడల్పు చేస్తే గడ్డం దానంతటదే మధ్యకు వస్తుంది.

ఇక అరగదీయడం గురించి. ఆ మాట వినగానే భయం వేస్తుంది గానీ, మొత్తం వైద్యంలో ఇదే తేలికైన భాగం. ఇబ్బంది కేవలం కోరపళ్ల మొనల దగ్గరే ఉండి, పైదవడ పెద్దగా ఇరుకు కాకపోతే ఇదొక్కటే సరిపోవచ్చు. డాక్టరు పళ్ల మధ్య పలుచటి రంగు కాగితం పెట్టి, దవడను మధ్యలో ఉంచి మూయిస్తారు. ముందుగా తాకేచోట రంగు అంటుతుంది. పైకోరపన్ను లోపలివైపు వాలునూ కిందికోరపన్ను బయటివైపు వాలునూ డ్రిల్లుతో కొద్దికొద్దిగా తీస్తూ, మళ్లీ కాగితం పెట్టి చూస్తూ, దవడ జారకుండా మూసుకునేదాకా చేస్తారు. మత్తు సూది అక్కర్లేదు, ఎందుకంటే పైపొర ఎనామిల్‌లో నరాలుండవు. పాలపన్ను ఎనామిల్ మందం సుమారు 1 మి.మీ. లోపే కాబట్టి తీసేది చాలా తక్కువ. ఒక్కసారే పూర్తిచేయకుండా రెండు విడతలుగా చేసేవారు జాగ్రత్తగా చేస్తున్నట్టు లెక్క. తీసినచోట ఫ్లోరైడ్ వార్నిష్ (పంటిని కాపాడే పూత) పూయమని అడగండి. చల్లనివి తింటే రెండు మూడు రోజులు జివ్వుమనవచ్చు. కొన్ని నెలల తర్వాత మళ్లీ చూపించి, గీతలు కలిసే ఉంటే పని అయినట్టే. ఏ మార్పూ లేకపోతే ఇంకా ఇంకా అరగదీయించకండి. అంటే అక్కడున్నది మొన సమస్య కాదు, ఇరుకు సమస్య. దానికి వెడల్పు చేయాల్సిందే.

వెడల్పు చేయడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి తీసి పెట్టుకునే ప్లేటు. గులాబీరంగు ప్లాస్టిక్ పలక మధ్యకు చీల్చి, ఆ చీలికలో చిన్న స్క్రూ బిగించి ఉంటుంది. దవడపళ్లను పట్టుకునే తీగ కొక్కేలుంటాయి. స్క్రూను పావు చుట్టు తిప్పితే పలక సుమారు 0.2 నుంచి 0.25 మి.మీ. విచ్చుకుంటుంది. ఈ వయసులో వారానికి ఒకటి లేదా రెండు పావు చుట్లు చాలు. పైదవడ 4 మి.మీ. వెడల్పు కావాలనుకుంటే, వారానికి ఒక పావు చుట్టు చొప్పున 16 నుంచి 20 వారాలు పడుతుంది. రెండోది క్వాడ్ హీలిక్స్. నాలుగు చుట్టల స్ప్రింగు ఉన్న స్టీలు తీగను చివరి పాలదవడపళ్లకు తొడిగే ఉంగరాల్లాంటి బ్యాండ్లకు అతికి, సిమెంటుతో బిగిస్తారు. ఇంట్లో తిప్పేదేమీ ఉండదు. 4 నుంచి 6 వారాలకోసారి డాక్టరే తీగను సర్దుతారు.

పిల్లవాడు మాట వింటాడనుకుంటే ప్లేటు, లేదంటే క్వాడ్ హీలిక్స్. నిజానికి అయిదేళ్ల పిల్లలు బడిలో, ఆటల్లో ప్లేటు తీసి జేబులో పెట్టుకుంటారు. 8–10 ఏళ్ల పిల్లల్లో ఈ రెండింటినీ పోల్చిన పరిశోధనల్లో కూడా క్వాడ్ హీలిక్స్‌కే ఎక్కువ విజయం కనిపించింది. ప్లేటు వేసుకోకపోవడమే దానికి పెద్ద కారణం. మీ బాబు వేలు కూడా చీకుతాడు కాబట్టి, అంగిలిలో తీగ ఉంటే వేలు పెట్టినప్పుడు పాత హాయి దొరకదు. ఆ రకంగా కూడా అది మేలే.

ఒక హెచ్చరిక. పెద్దపిల్లలకు రోజుకు ఒకటి రెండుసార్లు తిప్పి, కొద్ది వారాల్లో పైదవడను విడదీసే గట్టి స్క్రూ ఒకటుంది. అయిదేళ్ల పిల్లవాడికి అది వద్దు. ఈ వయసులో అంగిలి మధ్య కీలు తేలిగ్గా విచ్చుకునే స్థితిలో ఉంటుంది, నెమ్మది బలం సరిపోతుంది. అంత జోరుగా తోస్తే ముక్కు ఆకారం మారే ప్రమాదం ఉంది. "రెండు వారాల్లో అయిపోతుంది" అని ఎవరైనా చెబితే ఏ పరికరం వాడుతున్నారో అడగండి.

ప్లేటే పెట్టించేటట్టయితే రోజూ చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. స్క్రూ తిప్పే తాళంచెవి సూదంత ఉంటుంది. దానికి పొడుగాటి దారం కట్టండి, లేకపోతే పిల్లవాడి గొంతులోకి జారవచ్చు. తీసిపెట్టుకునే ప్లేటును నోట్లో ఉండగా కాకుండా చేతిలో పట్టుకుని తిప్పండి. పలక మీద బాణం గుర్తు ఉంటుంది, తిప్పాల్సింది అటే. ఎన్నోసారి తిప్పారో వంటింటి క్యాలెండర్ మీద రాయండి. "అమ్మ తిప్పిందనుకున్నా", "నాన్న తిప్పాడనుకున్నా" అనుకుని రెండుసార్లు తిప్పడమో, అసలు తిప్పకపోవడమో మామూలుగా జరిగే పొరపాటు. తిప్పిన రోజు పళ్లు కాస్త బిగుతుగా అనిపిస్తాయి, మర్నాటికి తగ్గుతుంది. జ్వరం వచ్చో ఊరెళ్లో వారం రోజులు పెట్టకపోతే ప్లేటు సరిగ్గా కూర్చోదు. అప్పుడు బలవంతంగా నొక్కి పెట్టకండి. డాక్టరుకు ఫోన్ చేసి, వారు చెబితే ఒక పావు చుట్టు వెనక్కి తిప్పి పెట్టండి. ఆ తర్వాత కూడా కూర్చోకపోతే చూపించాల్సిందే.

తినేటప్పుడు, పళ్లు తోముకునేటప్పుడు తప్ప రాత్రీపగలూ ప్లేటు నోట్లోనే ఉండాలి. రాత్రి మాత్రమే పెడితే పగటిపూట పళ్లు మళ్లీ వెనక్కి వస్తాయి, నెలల తరబడి తిప్పినా ఫలితం కనబడదు. మొదటి రెండు మూడు రోజులు లాలాజలం ఎక్కువగా ఊరుతుంది, సకారం తేలిపోతుంది. రోజూ పదినిమిషాలు గట్టిగా పాఠం చదివిస్తే వారంలో సర్దుకుంటుంది. తీసినప్పుడల్లా డబ్బాలోనే పెట్టాలి. కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టిన ప్లేటు విస్తరితోపాటే వెళ్లిపోతుంది. మెత్తటి బ్రష్‌తో చల్లటి నీళ్లలో కడగండి. వేడినీళ్లలో వేస్తే ప్లాస్టిక్ వంగిపోయి ఇక పనికిరాదు. కడగకపోతే ప్లేటు కింద అంగిలి ఎర్రగా కందుతుంది.

క్వాడ్ హీలిక్స్ అయితే నాలుక మీద తీగ అచ్చు పడుతుంది. చూసి కంగారు పడకండి, తీసేశాక పోతుంది. జీళ్లు, పల్లీపట్టి, టాఫీలు, చూయింగ్ గమ్, చెరకుముక్కలు ఆ నెలల్లో మానాలి, అవి బ్యాండును ఊడబెరుకుతాయి. బ్యాండు కాస్త కదిలినట్టున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. సిమెంటు కరిగి సందులో తిండి చేరితే ఉంగరం కింద పన్ను గుట్టుచప్పుడు కాకుండా పుచ్చిపోతుంది. పూర్తిగా ఊడితే మింగే ప్రమాదమూ ఉంది. తిన్న ప్రతిసారీ నీళ్లు పుక్కిలించి ఉమ్మించండి. రోజుకు రెండుసార్లు బఠాణీ గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే దగ్గరుండి తోమండి, అయిదేళ్ల పిల్లవాడు సొంతంగా తోమితే చాలదు. బ్యాండు వేయబోయే పళ్లలో ముందే పుచ్చు ఉంటే దాన్ని బాగు చేయించాకే ఏ పరికరమైనా.

ఎక్కడ ఆపాలన్నది కూడా ముఖ్యమే. పళ్లు మామూలు చోటికి రాగానే ఆపితే కొంత వెనక్కి పోతాయి. కాబట్టి పైపళ్ల లోపలి మొనలు కిందిపళ్ల బయటి మొనల మీద నిలబడేదాకా, అంటే కాస్త ఎక్కువే వెడల్పు చేసి, ఆ పరికరాన్నే కదపకుండా కనీసం 3 నెలలు ఉంచుతారు. ఆ 3 నెలలు ఎగ్గొట్టిన పిల్లల్లో సమస్య ఎక్కువగా తిరిగి వస్తుంది. "పళ్లు సరిగ్గా వచ్చేశాయి కదా" అని తల్లిదండ్రులు ఆసుపత్రికి వెళ్లడం మానేసేదీ అప్పుడే. మొత్తం మీద 6 నుంచి 9 నెలల పని అనుకోండి.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి? ఇక్కడ బాబు వయసు కీలకం. ఆరేళ్ల ప్రాంతంలో చివరి పాలదవడపళ్ల వెనక నాలుగు మూలలా శాశ్వత దవడపళ్లు వస్తాయి. పాలపళ్లేవీ ఊడకుండానే వస్తాయి కాబట్టి చాలామంది వాటిని కూడా పాలపళ్లే అనుకుంటారు. అవి ఇంకో 6 నెలల్లో వచ్చేలా ఉంటే, అవి వచ్చేదాకా ఆగి వాటితో కలిపి వెడల్పు చేయడం మేలు. లేకపోతే పాలపళ్లు సరిచేశాక శాశ్వత పళ్లు మళ్లీ లోపలగా వచ్చి, ఇంకో విడత ప్లేటు పెట్టాల్సి రావచ్చు. మీ బాబుకు 5 ఏళ్ల 2 నెలలు కాబట్టి రెండు దారులూ ఉన్నాయి. అరగదీయడం మాత్రం ఇప్పుడే చేయించవచ్చు, దానికి ఆగాల్సిన పనిలేదు. ప్లేటు సంగతి, ఆ పళ్లు ఎంతవరకు వచ్చాయో డాక్టరు చూసి చెబుతారు. చిగురు ఉబ్బి తెల్లటి మొన కనబడుతుంటే కొన్ని నెలలు ఆగినా నష్టం లేదు. ఏళ్ల తరబడి ఆగడమే వద్దంటున్నాం.

వేలు చీకడం మానకపోతే ఇంత చేసీ దండగే. నాలుగేళ్లలోపు మానేసిన పిల్లల్లో చాలామందికి, వేలు వల్ల పైకింది ముందుపళ్ల మధ్య పడ్డ సందు దానంతటదే మూసుకుంటుంది. కొందరిలో క్రాస్‌బైట్ కూడా సర్దుకుంటుంది. ముందుపళ్లు ఊడి శాశ్వత పళ్లు రాకముందే, అంటే ఇప్పుడే మాన్పించాలి. తిట్టడం, నలుగురిలో నవ్వడం, వేలికి కారం రాయడం వద్దు. కారం కంట్లో పడితే ఇంకో బాధ, తిడితే వాడు దుప్పటి ముసుగులో చీకుతాడు. వాడికి అర్థమయ్యేలా అద్దంలో తన పళ్లు చూపించి, మానాలని వాడే అనుకునేలా చేయండి. క్యాలెండర్ మీద వేలు పెట్టని రాత్రికి ఒక స్టిక్కర్ అంటించి, వారానికి అయిదు వస్తే చిన్న కానుక ఇవ్వండి. మీ బాబుది నిద్రలో అలవాటు కాబట్టి, పగలు ఎంత చెప్పినా రాత్రి తెలియకుండానే చెయ్యి నోటికి వెళుతుంది. అందుకు పడుకునేటప్పుడు మోచేతికి సాగే బ్యాండేజీ వదులుగా చుట్టండి. చెయ్యి మడిస్తే కాస్త బిగుసుకుని నోటిదాకా రానీయదు. బిగించి కట్టకూడదు, మీ రెండు వేళ్లు లోపలికి దూరాలి. ఇది శిక్ష కాదని, గుర్తుచేసేదని చెప్పి, వాడు ఒప్పుకుంటేనే కట్టండి. 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఇవేవీ పనిచేయకపోతేనే అంగిలికి తీగల అడ్డు పెడతారు. అలవాటు ఆగాక కూడా దాన్ని కొన్ని నెలలు ఉంచాలి.

బాబు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడా, గురక పెడుతున్నాడా, పొద్దున లేచేసరికి దిండు తడిగా ఉంటోందా? మీరు రాయలేదు గానీ ఇది తప్పకుండా చూడండి. 3 నుంచి 7 ఏళ్ల మధ్య ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండలు పెద్దవిగా ఉంటాయి. ముక్కుతో గాలి ఆడకపోతే నోరు తెరిచే ఉంటుంది, నాలుక కిందికి దిగిపోతుంది, పైదవడ ఇరుకవుతుంది. కారణం అదే అయితే ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. గాలి దారి తెరుచుకోకుండా ప్లేటుతో వెడల్పు చేస్తే, ప్లేటు తీసిన తర్వాత మళ్లీ ఇరుకవుతుంది.

మీ అత్తగారి బెంగ గురించి. తాతగారి దవడ పోలిక మనవలకు రావడం నిజమే, కిందిదవడ ముందుకు పెరగడంలో వంశపారంపర్యం బలంగా పనిచేస్తుంది. కానీ అది ముందుగా బయటపడేది ముందుపళ్లలో. కింది ముందుపళ్లు పైవాటికి బయటగా మూసుకుంటాయి. మీ బాబు ముందుపళ్లు సరిగ్గానే ఉన్నాయని రాశారు, కాబట్టి ఇప్పటి గొడవ తాతగారిది కాదు, బొటనవేలిది. అయినా 6 నెలలకోసారి చూపిస్తూ ఉండండి. ఎప్పుడైనా కింది ముందుపళ్లు బయటికి వస్తే, దవడను వెనక్కి తీసుకెళ్లి మూయించినప్పుడు పైకింది ముందుపళ్లు మొనకు మొన తాకగలుగుతున్నాయా అన్నది డాక్టరు చూస్తారు. తాకితే అది చాలావరకు పళ్ల అడ్డు వల్ల వచ్చింది, చిన్న స్ప్రింగు ప్లేటుతో కొన్ని నెలల్లో సరిపోవచ్చు. తాకకపోతే ఎముకదే. దానికి ఫేస్‌మాస్క్ పెడతారు. నుదుటికీ గడ్డానికీ ఆనే రెండు దిళ్లు, వాటిని కలిపే కడ్డీ, దానినుంచి పైదవడ పరికరానికి రబ్బర్లు ఉంటాయి. ఒక్కో పక్క సుమారు 350 నుంచి 450 గ్రాముల బలంతో పైదవడను ముందుకు లాగుతుంది. రోజుకు 12 నుంచి 14 గంటలు, 9 నెలలనుంచి ఏడాది దాకా పెట్టుకోవాలి. ఎక్కువగా సాయంత్రం, రాత్రి పెట్టుకుంటారు కాబట్టి బడికి వేసుకెళ్లనక్కర్లేదు. ఎనిమిదేళ్లలోపు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది, పదేళ్లు దాటితే తగ్గుతుంది. దీంట్లోనూ పూర్తి హామీ ఇవ్వలేం. మగపిల్లల్లో కిందిదవడ 17, 18 ఏళ్ల దాకా పెరుగుతుంది. చిన్నప్పుడు సరిచేసినా కొందరికి అప్పుడు ఆపరేషన్ దాకా వెళుతుంది.

పాప గురించి ఒక్క ముక్క: ఆ సందులు చూసి సంతోషించండి. పాలపళ్ల స్థానంలో వచ్చే నాలుగు ముందుపళ్లకు పైన సుమారు 7.5 మి.మీ., కింద సుమారు 6 మి.మీ. ఎక్కువ చోటు కావాలి. ఇప్పటి సందులే ఆ చోటు. పళ్లు సర్దుతాయంటూ ఆన్‌లైన్‌లో అమ్మే, నోట్లో పెట్టుకునే సిలికాన్ "ట్రైనర్లు" దానికీ కొనకండి, బాబుకూ కొనకండి. కొలత తీయకుండా అందరికీ ఒకే సైజుగా అమ్మే వస్తువుతో దవడ ఇరుకు పోదు. పాపకు పాల సీసా పీక ఇంకా ఉంటే మాత్రం ఇప్పుడే మాన్పించండి.

ఎవరికి చూపించాలన్నారు. పిల్లల పళ్ల డాక్టరు గానీ ఆర్థోడాంటిస్టు (పళ్ల వరుస, దవడ సరిచేసే డాక్టరు) గానీ, ఎండీఎస్ (పళ్ల వైద్యంలో పీజీ) చేసినవారై ఉండాలి. మీకు విజయవాడ దగ్గర, అక్కడ ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్‌లో ఒకటుంది, కడపలోనూ ఉంది. ప్రైవేటు డెంటల్ కాలేజీల ఓపీల్లో కూడా ఈ పని తక్కువ ఖర్చుతో చేస్తారు. కాకపోతే నెలనెలా తిరగాలి, వేళకు వెళ్లాలి. మొదటిరోజు పళ్ల ఫొటోలు, అచ్చులు తీసుకుంటారు. అచ్చు పదార్థం గొంతులోకి జారినట్టనిపించి పిల్లలకు వాంతి వస్తుంది, కాబట్టి ఖాళీ కడుపుతో పొద్దున్నే తీసుకెళ్లండి. ఆ క్షణంలో తల ముందుకు వంచి ముక్కుతో ఊపిరి తీసుకోమనండి. దవడ జరుగుడు మాత్రమే ఉన్న అయిదేళ్ల పిల్లవాడికి త్రీడీ స్కాన్ అవసరం మామూలుగా ఉండదు. అడిగితే ఎందుకో కారణం తెలుసుకోండి. ఖర్చు మాట్లాడేటప్పుడు మొత్తం ఎంతో, ప్లేటు విరిగినా పోయినా కొత్తదానికి ఎంతో, ఆఖరి 3 నెలల విజిట్లు అందులో కలిసి ఉన్నాయో లేదో రాసి ఇమ్మనండి.

ఇప్పుడు చేయిస్తే మళ్లీ క్లిప్పులు అక్కర్లేదా అన్నారు. అక్కర్లేదని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఈ వైద్యం దవడను మధ్యకు తెచ్చి రెండు వైపులా సమానంగా పెరగనిస్తుంది, అంతే. శాశ్వత పళ్లు వరుసగా వస్తాయా, వంకరగా వస్తాయా అనేది వాటి సైజును బట్టి, ఉన్న చోటును బట్టి ఉంటుంది. అది 11–13 ఏళ్ల మధ్య తేలుతుంది. అప్పుడు క్లిప్పులు కావాల్సి వచ్చినా ఇప్పుడు పెట్టిన ఖర్చు వృథా కాదు. అప్పటి పని పళ్లు సర్దడం వరకే ఉంటుంది, ఎముకదాకా పోదు. ఆరేళ్ల దవడపళ్లు నాలుగూ పూర్తిగా వచ్చాక ఒకసారి, ముందుపళ్లు మారాక ఎనిమిదో ఏట ఒకసారి పైన చెప్పిన గీతల పరీక్ష మళ్లీ చేసి చూడండి. గీత తప్పితే ఆ వారమే చూపించండి.